నిండుగున్నది

ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆడవాళ్ళు మధ్య గదిలో పూలు పేరుస్తుంటే, వెనక గదిలో నేను నందుకు తుపాకీ తుడిచే పని నేర్పుతున్న.

నందు నా భార్య అమలకు తమ్ముడు. కిషన్‌బాగ్‌లో మా ఇంట్లోనే ఉండి చదువుకున్నడు. ఆ యేడు కానిస్టేబుల్ సెలెక్షన్‌లో పరుగు, లాంగ్ జంప్, రాత పరీక్ష అన్నీ దాటిండు. లిస్టులో పేరు వచ్చింది. ఇక మిగిలింది మెడికల్ టెస్ట్ ఒక్కటే. దీపావళి దాటినంక పిలుస్తమన్నరు.

"ట్రైనింగ్‌ల మొదలు గీ పనే చెప్తరట బావా. అందరికన్న ముందు నేనే నేర్చుకొని పోత" అన్నడు.

నాకు సంబురమైంది. చార్మినార్ దగ్గర ఒక బంగారం దుకాణం ముందర నేను గార్డు పని చేస్త. రైఫిల్ నాదే, లైసెన్స్ నా పేరు మీదనే. చదువు పెద్దగ లేదు నాకు. చేతికి వచ్చిన విద్య ఈ ఒక్కటే. అడిగి నేర్చుకునే మనిషి అంతకుముందు ఎవరూ రాలేదు.

చాప మీద పాత తెల్ల ధోవతి పరిచిన.

"మొదలు ఏం చెయ్యాలె?"

"నూనె పెట్టాలె."

"కాదు. మొదలు దాని మూతి ఎటు చూస్తున్నదో చూడాలె. మనుషులు మసిలే దిక్కు పెట్టొద్దు. ఆ గోడ అవతల ఏమున్నది?"

"మురికి నాలా ఉన్నది. ఎవ్వరుండరు."

"ఆ, అటు పెట్టు. వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోవద్దు. బోల్టు వెనక్కి గుంజు. లోపట గోలీ ఉంటే ఎగిరి బయట పడ్తది. పడ్డదని సంబురపడకు, వెనక ఇంకోటి ఉండొచ్చు. కంటితో చూడు. చూసినంక చిటికెన వేలు పెట్టి చూడు."

"కంటితో చూసినంక మల్ల వేలెందుకు బావా?"

"కన్ను, తను చూడాలనుకున్నదే చూస్తది. వేలు గట్ల కాదు."

గోలీల డబ్బా అమ్మ మంచం కింద ట్రంకులో ఉంటది. తుడిచే గదిలో గోలీలు ఉండొద్దని అది నేను పెట్టుకున్న పద్ధతి. బోల్టు తీసి పక్కన పెట్టి, కడ్డీకి పేలిక చుట్టి గొట్టంలో వెనక నుంచి ముందుకు తోసి చూపించిన. మొదటి పేలిక నల్లగ వచ్చింది. తెల్లగ వచ్చేదాక మారుస్తనే ఉండాలె. ఆ తర్వాత ఒక్క చుక్క నూనె. అది కూడా మళ్ళ తుడిచెయ్యాలె.

"నూనె మిగిలితే దుమ్ము పడ్తది. చార్మినార్ దుమ్ము సంగతి నీకెరుకనే."

వాడు శ్రద్ధగ చేసిండు. చేతులు పెద్దవి వానివి, కానీ మెత్తగ పట్టుకుంటడు. చేస్తూ చేస్తూ అడిగిండు.

"ఎవరన్న 'గోలీ లేదు, తుడువు' అంటే?"

"కమీషనర్ వచ్చి చెప్పినా వినకు. నీ వేలు పెట్టి నువ్వు చూసుకో."

"నువ్వు చెప్తే?"

నాకు నవ్వొచ్చింది. "నేను చెప్తే వేరే ముచ్చట. నేను అబద్ధమాడంగ ఎన్నడన్న చూసినవా?"

మధ్య గదిలో నుంచి అమల, "అబ్బో, కిషన్‌బాగ్ హరిశ్చంద్రుడు" అన్నది. పూల దగ్గర అందరూ నవ్విన్రు. నేనూ నవ్విన. నందు నవ్వి, పని చేసుకున్నడు.

మా అమ్మ కొమురమ్మకు మాటల పట్టింపు ఎక్కువ. లేదు, అయిపోయింది, ఖాళీ అనే మాటలు ఆమె నోట రావు. బియ్యం అయిపోతే "నిండుకున్నయి" అంటది. లేదు అన్న ఇంట్లో లేకుండనే పోతదని ఆమె నమ్మకం. మాకందరికీ అదే అలవాటైంది. నందు మా ఇంటికి వచ్చిన కొత్తలో అమ్మ వానికి పైసలిచ్చి, "చక్కెర నిండుకున్నది బిడ్డా" అంటే, వాడు డబ్బా తెరిచి చూసి, "అత్తమ్మా, చీమ కూడ లేదు, నిండుకున్నదంటవేంది" అన్నడు. ఆ మాట చెప్పుకొని చాన్నాళ్ళు నవ్వుకున్నం. తర్వాత తర్వాత వాడే ఎక్కువ అనేటోడు. ఫోన్ బంద్ అయితే "ఛార్జింగ్ నిండుకున్నది", ఉరికొచ్చి కూసుంటే "దమ్ము నిండుకున్నది బావా."

దసరా వచ్చింది. ప్రతి యేడు నా రైఫిల్‌కు దుకాణంలోనే పూజ అయ్యేది. శేట్ కౌంటర్ మీద తరాజు పక్కన దాన్ని పెట్టి బొట్టు పెట్టించేటోడు. ఈసారి అమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో పిల్లగానికి పోలీసు కొలువు వస్తున్నది, ఆయుధం మన దేవుని ముందటనే ఉండాలె అన్నది. శేట్‌ను అడిగి ఆ పూట సెలవు తీసుకున్న.

పొద్దున నందు మటన్ కోసం లైన్లో నిలబడ పోయిండు. నేను స్నానం చేసి, రైఫిల్ తుడిచి, బోల్టు వేరుగ, గొట్టం వేరుగ ఎర్ర గుడ్డ మీద పెట్టిన. అమ్మ వచ్చి చూసింది.

"గిదేంది బిడ్డా, పేగులు తీసి బయట పెట్టినట్టు? పగిలిన విగ్రహానికి పూజ చేస్తమా? మంచిగ కూర్చి పెట్టు."

బోల్టు లోపల పెట్టిన.

"కడుపు నిండుగున్నదా?"

"దేని కడుపమ్మా?"

"దానిదే. దేవుని ముందట ఉత్త చాట పెట్టం, ఉత్త చెంబు పెట్టం. ఉత్త తుపాకీ పెడ్తమా?"

కాదమ్మా, ఇది చెంబు కాదు అనొచ్చు. అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట బాగనే అనిపించింది. ఏండ్లుగ భుజాన మోసిన ఇనుము, మమ్ముల సాకిన ఇనుము, దాన్ని కూడా ఒక్కరోజు నిండు కలశం లెక్క దేవుని ముందర నిలబెడితే తప్పేంది అనుకున్న. ట్రంకులో నుంచి ఒక్క గోలీ తెచ్చిన. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తుడిచి లోపల పెట్టిన. బోల్టు మూసిన. సేఫ్టీ వేసిన. మూతి నాలా గోడ దిక్కు తిప్పిన. పూజ అయినంక నా చేత్తో నేనే తీస్త, ఎవ్వర్నీ ముట్టనియ్య అనుకున్న. అనుకున్నదే. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తప్ప అది లోపల ఉన్నట్టు ఇంట్లో ఇంకెవరికీ తెల్వదు.

అమల బంతిపూల దండ చుట్టింది. కొబ్బరికాయ కొట్టినం. నందు మటన్ తెచ్చి, కాళ్ళు కడుక్కొని వచ్చి దండం పెట్టిండు. అమ్మ వాని నెత్తి మీద అక్షింతలేసి, "వచ్చే దసరాకు నీ తుపాకీ కూడ ఇక్కడ్నే పెడ్దం బిడ్డా" అన్నది.

"సర్కారుది ఇంటికి తేనియ్యరు అత్తమ్మా. నా టోపీ పెట్టు" అన్నడు.

తిన్నం, కొద్దిసేపు పండుకున్నం. గోలీ తియ్యాలని నాకు రెండుసార్లు గుర్తొచ్చింది. దీపం కొండెక్కక ముందే పూజ కదిలించొద్దని ఆగిన.

పొద్దు వంగినంక జమ్మికి పోదామని లేచినం. నేను బయట నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న. గల్లీలో డీజే మోగుతున్నది. ఆటోలకు దండలేసి హారన్లు కొడుతున్నరు, పిల్లలు పటాకులు కాలుస్తున్నరు. లోపల నుంచి నందు అరిచిండు.

"బావా! పసుపు కుంకుమ ఇనుముకు మంచిది కాదన్నవ్ గద. మనం వచ్చేసరికి చీకటైతది, నేను తుడిచి పెడ్త. లోపట గోలీ ఉన్నదా?"

"నిండుగున్నదిరా" అన్న.

ఉన్నది అని ఒక్క మాట అంటే సరిపోతుండె. పొద్దున అమ్మ అన్న మాట నోట్లో ఉండె, అదే వచ్చింది. నిండుగున్నది అంటే ముట్టొద్దనే గద అనుకున్న. ముట్టకు అని వేరే చెప్పలేదు.

"అచ్ఛా" అన్నడు వాడు.

కుడి కాలు కడుక్కున్న. చప్పుడైంది. పటాకులే అనుకున్న. ఎడమ కాలు కూడా కడుక్కున్న.

అమల గడప దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, జర లోపటికి రా" అన్నది, ఎవరో చుట్టాలొచ్చిండ్రు అని పిలిచినట్టు, మెల్లగ.

ఏం జరిగిందో నాకు తర్వాత అర్థమైంది. బోల్టు తియ్యాలంటే ముందు సేఫ్టీ తియ్యాలె, తీసిండు. దండ అడ్డమున్నదని, కుడి అరచేయి గొట్టం మూతి మీద పెట్టి పైకి లేపి పట్టుకొని, ఎడమ చేత్తో దండ గుంజిండు. దండ దారం ట్రిగ్గర్‌కు చిక్కుకొని ఉన్నది. గోలీ వాని అరచేతిలో నుంచి పోయి పైన రేకులో బొక్క చేసింది. వాడు అరవలేదు. ఎర్ర గుడ్డ పక్కన కూసొని, చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తున్నడు.

పక్కింటి మోయిన్ భాయ్ అప్పటికే ఆటో తిప్పి గడపకు ఆనించిండు. నేను నందును ఎత్తుకొని ఎక్కిన. గల్లీ మూల మీద పదిమంది గుమిగూడి, "క్యా హువా భాయ్, గోలీ చలీ క్యా?" అని అడుగుతున్నరు. పండుగ పూట, మా దిక్కు అసలే గోలీ పేలిందన్న మాట ఉరుకుతది, లొల్లి లేస్తది. మోయిన్ భాయ్ ఆటో ఆపకుండనే, "పటాకా హై మియా, పటాకా. హాథ్ జల్‌గయా" అని, పటాకులకు చెయ్యి కాలిందని చెప్పి తోవ చేసుకున్నడు. ఉస్మానియా దవాఖాన దాక నేను ఒకటే మాట అంటున్ననట. "నేనే భాయ్, నేనే పెట్టిన" అని. ఆయన "చుప్ రహో మైసన్నా, బచ్చే కో పకడో" అని, ముందు పిల్లగాన్ని పట్టుకోమన్నడు.

కుడి చేయి చూపుడు వేలు, మధ్య వేలు తీసేసిండ్రు. మిగిలినవి ఉన్నయి కానీ ముడుచుకోవు అన్నరు.

మరునాడు స్టేషన్‌కు పిలిచిండ్రు. ఎస్సై వయసులో నాకన్న చిన్నోడు, మర్యాదగనే మాట్లాడిండు.

"పిల్లగాడు నిన్ను అడిగిండా?"

"అడిగిండు సార్."

"నువ్వేం చెప్పినవ్?"

"నిండుగున్నది అన్న సార్."

పక్కన రైటర్ రాసుకున్నడు. ఎస్సై తలూపిండు. "అంటే లోడ్ అయి ఉన్నదని చెప్పినవ్. చెప్పినంక కూడ ముట్టిండు."

"కాదు సార్. మా ఇంట్ల నిండుకున్నది అంటే అయిపోయిందని అర్థం. వాడు గట్ల విన్నడు."

"నిండుగ అంటే నిండుగనే. ఇంటి అర్థాలు ఇక్కడ నడువయ్."

"లోపట పెట్టింది నేనే సార్. దేవుని కోసం పెట్టిన."

"అది తప్పే. లైసెన్స్ సంగతి పైవాళ్ళు చూస్తరు. తుపాకీ ఇక్కడ్నే ఉంటది. కాని ఆ చెయ్యి పోవుడుకు నువ్వు కారణం కాదు. ఆ పిల్లగాడు కూడ గదే చెప్పిండు, మా బావ చెప్పిండు, నేనే సరిగ్గ వినలే అని. ఇంటికి పో పెద్దాయన."

నేను అన్నది అన్నట్టే రాసిండ్రు. ఆ రాతలో నా తప్పు లేదు.

ఆ మాట గురించి ఎంత ఆలోచించినా తెగలేదు. నేను అన్నది 'గ'నా, 'క'నా? గ అనే అనుకొని అన్న. కానీ చిన్నప్పటి నుంచి నాలుకకు అలవాటైన మాట వేరే. డీజే చప్పుడులో ఏది బయటికి వచ్చిందో నాకే నమ్మకం లేదు. ఇప్పటికీ ఒక్కడినే ఉన్నప్పుడు ఆ రెండు మాటలు పలికి చూసుకుంట. చెవికి రెండూ ఒక్క తీరుగనే ఉంటయి.

దవాఖానలో మూడో నాడు నందు నాతో మంచిగ మాట్లాడిండు. కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకున్నడు.

"నీకు నేర్పిన గదరా," అన్న. "ఎవ్వరు చెప్పినా వేలు పెట్టి చూడమని."

అది నేను అడగాల్సిన మాట కాదు. నోరు జారినంక తెలిసింది.

వాడు పైకి చూస్తూ అన్నడు, "నువ్వు చెప్పినంక మల్ల వేలు పెట్టి చూస్తే ఏం బాగుంటది బావా? నిన్ను నమ్మనట్టే గద."

నీళ్ళ సీసా నింపుకొస్తనని బయటికి వచ్చిన. సీసా నిండుగనే ఉన్నది. వరండాలో దాన్ని పట్టుకొని చాలాసేపు నిలబడ్డ.

పండుగలన్నీ అట్లనే గడిచినయి. దీపావళికి గడప మీద రెండు ప్రమిదలు పెట్టినం, పటాకుల చప్పుడుకు తలుపు మూసుకున్నం. అమ్మ ఆ మాట మానేసింది. పాలు లేకుంటే "లేవు" అంటది, పప్పు అయిపోతే "అయిపోయింది" అంటది. మొదటిసారి ఆమె నోట విన్నప్పుడు నేనూ అమలా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం.

దుకాణానికి పోయిన. తుపాకీ లేని గార్డు ఎందుకు, తీసేస్తడు అనుకున్న. శేట్ కుర్చీ చూపించి కూసోమన్నడు. కెమెరాల గదిలో కూసొని చూసే పని ఇచ్చిండు. "నీ తప్పేం లేదంట గద మైసయ్యా. పోలీసులే చెప్పిండ్రు. ఫికర్ చెయ్యకు" అన్నడు. తప్పు నాదే శేట్ అని మొత్తం చెప్పిన. "నువ్వు దేవుని మనిషివి, నీకు గట్లనే అనిపిస్తది" అన్నడు. గుడిలో పంతులుకు చెప్పిన. "ఈశ్వరేచ్ఛ నాయనా, మన చేతుల ఏమున్నది" అన్నడు.

దండం పెట్టి వచ్చిన. వచ్చినంక అనిపించింది. ఈశ్వరుడు నన్ను గోలీ పెట్టమన్నడా? ఆయన ముందర ఉత్త చేతులతో నిలబడితే వద్దంటడా? నేను పెట్టిన, నాది అన్న గౌరవం కొద్ది పెట్టిన. అందరూ దాన్ని తీసుకపోయి ఆయన మీద పెడుతున్నరు. ఆయన కాదనడు. కాదనని వాని మీద ఎంతైనా పెట్టొచ్చు.

అమలతో ఒకనాడు మళ్ళ అదే మాట ఎత్తితే, అన్నం గిన్నె ముందర పెట్టి, "ఎన్నిసార్లంటవ్? తిను" అన్నది. ఆమె కోపం వాని మీదనా, నా మీదనా, అమ్మ మీదనా, నాకు తెలియలేదు. రోజూ పొద్దున తమ్ముని అంగీ గుండీలు ఆమే పెడుతున్నది.

కార్తీకంలో మెడికల్ టెస్ట్‌కు పిలుపు వచ్చింది. పోవుడెందుకు, పోతే మనసు కష్టమైతది అన్నది అమల. నందు గడ్డం గీయించుకొని వచ్చి, "పేరు పిలుస్తరు గదక్కా. పిలిచినప్పుడు లేకుంటే బాగుండది" అన్నడు.

నేను కూడా పోయిన. ఆ నాడు సోమవారం, నేను ఉపవాసం. సర్కారు దవాఖాన గేటు లోపలికి పేరున్నవాళ్ళనే పంపిండ్రు. కటకటాల సందుల్లో నుంచి లైన్ కనబడుతున్నది. అందరూ అంగీలు విప్పి చేతుల మీద వేసుకున్నరు. నందు అందరికన్న అర జానెడు ఎత్తు. కుడి చేయి వెనకకు పెట్టుకోలేదు. అందరి తీరుగనే కిందికి వేలాడేసి నిలబడ్డడు. వాని ముందటోడు ఆ చేయి చూసి ముఖం తిప్పుకున్నడు, తర్వాత ఏదో అడిగిండు. నందు ఏదో చెప్తే ఇద్దరూ నవ్విండ్రు.

లోపలికి పోయి తొందరగనే బయటికి వచ్చిండు. అంగీ భుజం మీద వేసుకొని ఉన్నడు. నేను తొడిగిన. గుండీలు పెట్టిన.

"డాక్టర్ మంచోడే బావా. పిడికిలి పట్టు అన్నడు. ఎడమది పట్టిన. నవ్విండు పాపం."

"ఇంకేమన్నడు?"

"ఛాతి మస్తుగున్నది అన్నడు."

కాగితం మీద ఏం రాసిండ్రో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. రోడ్డు మీదికి వచ్చి బస్టాప్ దిక్కు నడుస్తున్నం. నేను మళ్ళ గేటు దిక్కు తిరిగిన.

"నువ్వు ఇక్కడ్నే ఉండు నందూ. నేను లోపటికి పోయి డాక్టర్ సాబ్‌తోని ఒక్క మాట చెప్పొస్త. దీంట్ల నీ తప్పు లేదు, మొత్తం నాదే అని చెప్త. ఏదన్న ఆఫీస్ కొలువుకన్న..."

"డాక్టర్‌కా?"

వాడు ఆగిండు. కోపం లేదు ముఖంలో. అదేదో చాన్నాళ్ళ నుంచి లెక్క కుదరని దాన్ని నన్ను అడుగుతున్నట్టు అడిగిండు.

"స్టేషన్‌ల చెప్పినవ్. శేట్‌కు చెప్పినవ్. పంతులుకు చెప్పినవ్. మోయిన్ భాయ్‌కు ఆటోల చెప్పినవ్, చాయ్ దుకాణంల చెప్పినవ్. ఇప్పుడు డాక్టర్‌కు చెప్త అంటున్నవ్. నాకు చెప్పినవా బావా?"

చెప్పిన అనబోయిన. ఎప్పుడు చెప్పిన అని వెతుక్కున్న. వాని పక్క మీద కూసొని పండు ఒలిచి పెట్టిన. తల దువ్విన. కట్టు మార్పించుకొచ్చిన. నేర్పిన గదరా అని అడిగిన. అది కూడా అడిగిన. అంతే.

"నందూ," అన్న.

"వద్దు బావా." ఎడమ చేయి అడ్డం పెట్టిండు. "ఇప్పుడు నువ్వు చెప్తే, పోనీ తియ్యి బావా అనాలె నేను. ఇయ్యాల అనలేను."

బహదూర్‌పురా బస్సు వచ్చింది. వాడు ముందు ఎక్కిండు, వెనక నేను ఎక్కిన. కండక్టర్ చేయి చాపితే, టికెట్ నేనే తీస్త అన్నడు నందు. పైసలు కుడి జేబులో ఉన్నయి. ఎడమ చేయి అటు తిప్పి, ఒంగి, వేళ్ళతో వెతుకుతున్నడు. బస్సు ఊగుతున్నది, కండక్టర్ తొందర పెడుతున్నడు. నా చేయి లేవబోయింది. ఆపుకున్న. వాని వెనక కమ్మి పట్టుకొని, వాడు తీసేదాక ఆగిన.